టీచరమ్మకు మేర: బామియాన్ కొండల్లో ఒక ఊరి బడి, ఒక ఆలుగడ్డల కొట్టు

2011 ఏప్రిల్‌లో దారి మీద మంచు కరిగి జీపులు తిరగడం మొదలైన వారానికి మేం ఆ ఊరు చేరాం. బడికి తాళం వేసి ఉంది. గోడలకు వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది, కిటికీ అద్దంలోంచి చూస్తే రేకు పొయ్యి, చుట్టి పెట్టిన చాపలు, గోడవారగా పేర్చిన పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. టీచరు మాత్రం లేడు. కాబూల్లో సిమెంటు బస్తాలు మోస్తున్నాడని వాళ్ల నాన్న చెప్పాడు. చెప్పి, మమ్మల్ని ఒక్క మాట అనకుండా కూర్చోబెట్టి చాయ్ పోశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది అనిపించింది.

ఎందుకంటే ఆ అబ్బాయిని కాబూల్ పంపింది మేమే. మా బడ్జెట్‌లో టీచరుకు ఏడాదికి 9 నెలల జీతమే రాసుకున్నాం. అఫ్గానిస్తాన్‌లో చలి ప్రాంతాల బడులు నౌరోజ్ (వాళ్ల కొత్త సంవత్సరం) అయ్యాక మార్చి చివర్లో మొదలై డిసెంబర్‌కు ముగుస్తాయి, ఆ తర్వాత మూడు నెలలు సెలవులు. బడి లేని నెలలకు జీతం ఎందుకని ఆఫీసులో కూర్చుని లెక్కేశాం, లెక్క చక్కగా కుదిరింది. దానికి తోడు చివరి రెండు నెలల జీతం ఒకేసారి డిసెంబర్‌లో ఇద్దామని పెట్టుకున్నాం. డిసెంబర్ మొదటి వారంలోనే కనుమ మూసుకుపోయింది. డబ్బు బామియాన్ టౌన్లో మా బీరువాలో, టీచరు కొండల అవతల. ఇంట్లో పిండి అయిపోతే మనిషి ఏం చేస్తాడు? మంచులో రెండు రోజులు నడిచి, దొరికిన లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

నేను 2010 నుంచి 2014 దాకా అక్కడ ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను, అంతకు ముందు మహబూబ్‌నగర్‌లో వెలుగు ప్రాజెక్టు రోజుల్లో డ్వాక్రా సంఘాలతో తిరిగినవాణ్ణి. మా సంస్థకు ఉన్నవి ఆరేడు ఊళ్లు, ఒక జీపు, డజను మంది స్టాఫ్. వాళ్లలో బయటి దేశంవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది అందులో ఒక ఊరి సంగతి. ఊరి పేరు, సంస్థ పేరు రాయడం లేదు, ఇప్పుడున్న పరిస్థితుల్లో ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. 2014 తర్వాతి ముచ్చట ఫోన్లలో విన్నది, వాట్సాప్ ఫోటోల్లో చూసింది.

బామియాన్ అనగానే 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేసిన బుద్ధ విగ్రహాలు గుర్తొస్తాయి. అవి టౌన్ పక్కనే ఉండేవి. నేను చెప్పే ఊరు అక్కడికి చాలా దూరం, రాష్ట్రానికి దక్షిణాన పంజాబ్ అనే జిల్లాలో (అవును, వాళ్లకూ ఒక పంజాబ్ ఉంది, ఇంట్లో ఫోన్లో చెప్తే అమృత్‌సర్ దగ్గరా అని అడిగారు). 2,500 మీటర్లకు పైనే ఎత్తు. 41 ఇళ్లు. అందరూ హజారా జాతివాళ్లు, షియాలు. తాలిబన్ల మొదటి హయాంలో బాగా దెబ్బతిని, పాకిస్తాన్‌లోని క్వెట్టాకో ఇరాన్‌కో పోయి, 2001 తర్వాత తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఈ ఒక్క సంగతి ఆ ప్రాంతంలో చదువు పనిని ఎంత తేలిక చేసిందో చెప్పలేను. ఆడపిల్లను బడికి పంపమని మేం ఒక్క ఇంట్లోనూ బతిమాలలేదు. దేశంలోనే మొదటి మహిళా గవర్నర్ హబీబా సరాబీ 2005 నుంచి 2013 దాకా ఉన్నది కూడా ఆ రాష్ట్రానికే. కాబట్టి మా అనుభవాన్ని కాందహార్‌కో హెల్మండ్‌కో అచ్చుగుద్దినట్టు తీసుకెళ్తే పనిచేయదు, అది ముందే చెప్పేస్తున్నా.

అక్కడ అడ్డం దూరమే. ప్రభుత్వ బడి నాలుగు కిలోమీటర్ల అవతల, మధ్యలో ఒక వాగు. మే నెలలో మంచు కరిగి ఆ వాగు పొంగితే పెద్దవాళ్లే దాటరు, ఆరేళ్ల పిల్ల ఎలా దాటుతుంది? దీని మీద గట్టి లెక్క ఒకటుంది. 2007లో పక్కనున్న ఘోర్ రాష్ట్రంలో డానా బర్డ్, లీ లిండెన్ అనే పరిశోధకులు 31 ఊళ్లు తీసుకుని, కొన్ని ఊళ్లలో ముందు ఊరి బడి పెట్టించి, మిగతా ఊళ్లలో ఏడాది ఆగి పెట్టించి పోల్చి చూశారు. ఊళ్లోనే బడి ఉంటే ప్రతి వంద మంది ఆడపిల్లల్లో అదనంగా 52 మంది, మగపిల్లల్లో అదనంగా 35 మంది బడిలో చేరారు. ఆడ, మగ తేడా దాదాపు పూర్తిగా పోయింది. బడి ఒక్కో మైలు దూరమయ్యే కొద్దీ చేరేవాళ్లు వందకు 16 మంది చొప్పున తగ్గారు. ఈ లెక్క 2013లో అచ్చయింది గానీ అక్కడ పనిచేసే సంస్థల్లో అంతకు ముందే నోటి మీద తిరిగేది. ప్రభుత్వం కూడా 3 కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలో ఇలాంటి ఊరి బడులు పెట్టుకోవచ్చని, దగ్గర్లోని పెద్ద బడికి అనుబంధంగా నడపాలని విధానం చేసింది. పిల్లల పేర్లు ఆ పెద్ద బడి రిజిస్టర్‌లో ఎక్కి, ఒక్కొక్కరికీ అసాస్ నంబరు, అంటే నమోదు నంబరు, వస్తే చాలు, తర్వాత పై తరగతికి అక్కడికి మారొచ్చు.

గమనించాల్సింది ఏంటంటే, ఘోర్‌లో ఆ బడులకు కొత్త కట్టడాలేం కట్టలేదు. మసీదులోనో, ఎవరింట్లోనో ఒక గది. మేం మాత్రం కట్టాం. ఎందుకంటే దాతలకు ఫోటో కావాలి, ఫోటోలో గోడ కనపడాలి. టీచరు జీతానికి ఫోటో ఎలా తీస్తారు? రెండు గదుల కట్టడానికి పెట్టిన డబ్బుతో ఆ టీచరుకు పదేళ్లు, చలికాలంతో సహా, జీతమిచ్చి ఉండొచ్చు. ఆ తాళం ముందు నిలబడి నేను మొదట వేసుకున్న లెక్క అదే.

సరే, రెండో ప్రయత్నం. ఈసారి 12 నెలల జీతం రాశాం. నెలకు 5,000 అఫ్గానీలు, అప్పటి లెక్కలో సుమారు 100 డాలర్లు. కాబూల్ వెళ్లిన అబ్బాయి తిరిగి రానన్నాడు, అతణ్ణి తప్పుపట్టలేం. కొత్త టీచరును వెతకాల్సిన పనే పడలేదు, ఊళ్లోనే ఉంది. క్వెట్టాలో తొమ్మిదో తరగతి దాకా చదివి వచ్చిన కోడలు, అప్పటికి పాతికేళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు. మొదట్లోనే ఈమె ఎందుకు మాకు కనపడలేదు? మా దరఖాస్తులో పన్నెండో తరగతి పాస్ అని రాశాం గనక. పన్నెండు పాసైన ఆడమనిషి ఆ లోయ మొత్తంలో లేదు. అర్హత తగ్గించి, చలికాలం సెలవుల్లో టౌన్లో ట్రైనింగ్ ఇప్పిస్తామని రాసుకున్నాక గానీ ఆమె పేరు మా కాగితాల మీదికి రాలేదు. నన్నడిగితే, ఊరి కోడలు టీచరైతే వచ్చే పెద్ద లాభం ఆమె ఎక్కడికీ పోదు. ఊళ్లోవాళ్లు ఆమెను మాలిం సాహెబ్ అనేవాళ్లు, మగ టీచరును పిలిచినట్టే. (మమ్మల్ని అందర్నీ ఇంజనీర్ సాహెబ్ అనేవాళ్లు. నేను చదివింది సోషల్ వర్క్, ఎన్నిసార్లు చెప్పినా ఇంజనీర్‌నే.)

జీతం చేరేసే దారి కూడా మార్చాం. మంచులో డబ్బు మోసుకెళ్లలేం కాబట్టి హవాలా. బామియాన్ బజార్లో ఒకరికి డబ్బు కడితే జిల్లా బజార్లో వాళ్ల మనిషి, అంటే ఒక కిరాణా దుకాణదారు, ఆమె భర్తకు ఇచ్చేస్తాడు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. వసంతంలో వెళ్లి రసీదులు చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి, వేలిముద్రలతో సహా. కానీ మా సూపర్‌వైజర్, ఆమె కూడా హజారానే, లోపల ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి వచ్చి, ఆ ఇంట్లోకి ఒక్క అఫ్గానీ రాలేదని చెప్పింది. దుకాణదారు మొత్తం జీతాన్ని పాత పిండి బాకీ కింద జమేసుకున్నాడు. అన్యాయమని గొడవపడ్డానికి ఏమీ లేదు, బాకీ నిజమే.

ఆ బాకీ ఎలా పెరిగిందో అడిగినప్పుడు సలామ్ అనే మాట మొదటిసారి విన్నా. నేను నమస్కారం అనుకున్నా. పేరు సలామ్, పని మాత్రం మన దగ్గర పంట చేతికి రాకముందే అప్పిచ్చి కళ్లంలో కొలుచుకుపోయే షావుకారు పనే. చలికాలంలో దుకాణదారు పిండి, నూనె, చాయ్‌పత్తా ఇస్తాడు. దానికి బదులు వచ్చే పంటలో ఇన్ని సేర్ల ఆలుగడ్డలు, ఫలానా ధరకు అని అప్పుడే ఖాయం చేస్తాడు, ఆ ధర మార్కెట్ ధరలో సగం కూడా ఉండదు. సేరంటే అక్కడ 7 కిలోలు. బామియాన్ ఆలుగడ్డలకు దేశమంతా పేరుంది. అయినా అక్టోబర్‌లో అందరూ ఒకేసారి తవ్వుతారు, అప్పుడే లారీలు వస్తాయి, మంచు పడేలోగా దించేసుకోవాలి. దాచుకునే చోటు లేక, బాకీలు తీర్చాల్సి వచ్చి, ఏ ధర చెప్తే ఆ ధరకు అమ్మి, ఏప్రిల్‌లో అదే ఆలుగడ్డ దాదాపు రెట్టింపు ధరకు కొనుక్కు తినే ఇళ్లు ఆ ఊళ్లో ఉన్నాయి.

ఇదంతా కనపడేదాకా మేం చేసిన స్వావలంబన ఏమిటో కూడా చెప్పాలి కదా. కుట్టు మిషన్లు. తొలి ఏడాదే 20 మంది ఆడవాళ్లకు ఆరు నెలల ట్రైనింగ్, చివర్లో తలా ఒక మిషన్, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. 41 ఇళ్ల ఊళ్లో 20 మంది దర్జీలు! బట్టలు ఎవరికి కుట్టాలి, ఒకరికొకరు కుట్టుకోవాలి. బజారుకు వెళ్తే చైనా నుంచి వచ్చే రెడీమేడ్ బట్టలు గుడ్డ ఖర్చు కంటే చవక. రెండేళ్లలో 11 మిషన్లు అమ్ముడుపోయాయి, ఆ డబ్బుతో మందులో పిండో కొనుక్కున్నారు. నిజానికి ఆ మిషన్ వల్ల వాళ్లకు కలిగిన లాభం అదొక్కటే. రిపోర్టులో మాత్రం "20 మంది మహిళలకు ఉపాధి" అని పోయింది. అది రాసింది నేనే.

ఇంకొకటి, నేను సొంతంగా తెచ్చిన తప్పు. డ్వాక్రా మనిషిని కదా, పొదుపు సంఘం పెట్టకపోతే నిద్రపట్టదు. మా సూపర్‌వైజర్‌తో పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టించి, వారానికి ఇంత పొదుపు, అప్పు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ, పాస్‌బుక్కులు అన్నీ మన పద్ధతే పెట్టించా. మూడో వారం ఊరి ముల్లా మా గదికి వచ్చాడు. కోపంగా రాలేదు. చాయ్ తాగాడు, హిందుస్తాన్‌లో వానలు ఎలా పడతాయని అడిగాడు, లేవబోతూ ఆ పైన తీసుకునే డబ్బు సంగతేంటి ఇంజనీర్ సాహెబ్, అన్నాడు. సూద్, అంటే వడ్డీ, హరాం. నాకు తెలియక కాదు, ఏదో నడిచిపోతుందిలే అనుకున్నా. మార్చాం. వడ్డీ లేకుండా, జబ్బు చేస్తేనే, కాన్పు కష్టమైతేనే అప్పు, మిగిలిన డబ్బు నౌరోజ్‌కు అందరూ సమానంగా పంచుకోవడం. దానితో ఎవరూ వ్యాపారాలు పెట్టలేదు, పెట్టలేరు కూడా. కానీ 2013 చలికాలంలో ఒక కాన్పు మనిషిని మంచం మీద మోసుకెళ్లి, అక్కణ్ణుంచి జీపు మాట్లాడుకుని ఆస్పత్రికి చేర్చింది ఆ డబ్బే. అంతవరకు అది చాలా మంచి సంఘం. దాన్ని మనలాగే బ్యాంక్ లింకేజీ దాకా లాగాలని చూడటం నా మూర్ఖత్వం.

మళ్లీ టీచరు జీతం దగ్గరికి వద్దాం. జవాబు దొరికింది ఒక మామూలు సాయంత్రం, షురా పెద్దతో కాలువ గట్టు మీద నడుస్తుంటే. షురా అంటే 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం కింద ఎన్నుకున్న ఊరి కమిటీ. ఆ పథకంలో ఇంటికి 200 డాలర్ల లెక్కన, ఊరికి గరిష్ఠంగా 60,000 డాలర్ల దాకా నేరుగా ఊరికే ఇచ్చేవాళ్లు, ఏం చేసుకోవాలో ఊరే తేల్చుకునేది. ఈ ఊరివాళ్లు చిన్న నీటి టర్బైన్ పెట్టుకున్నారు, రాత్రి పది దాకా బల్బులు వెలిగేవి. ఆ రోజు కాలువ మడవ దగ్గర ఒకాయన పార పట్టుకుని నీళ్లు మళ్లిస్తున్నాడు. మీరాబ్, అన్నాడు షురా పెద్ద. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లో ఆయనే చూస్తాడు. మన నీరటి లాగా. మరి ఈయనకు జీతం ఎవరిస్తారంటే, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, కళ్లంలో గోధుమలు కొలుస్తాం, అన్నాడు. ముల్లాకూ అంతే. పశువుల కాపరికీ అంతే.

మేర! మా తాతల కాలంలో మా ఊళ్లో చాకలికి, మంగలికి, కమ్మరికి, నీరటికి కళ్లం దగ్గర ధాన్యం కొలిచిచ్చేవాళ్లే, సరిగ్గా అదే. ఊరందరి పని చేసే మనిషిని ఊరందరూ కలిసి పోషించుకోవడం ఎట్లాగో వాళ్లకు తరతరాలుగా తెలుసు. నగదుతో కాదు, నెలనెలా కాదు, పంట చేతికి వచ్చినప్పుడు, పంటతోనే. మరి టీచరమ్మకు మేర ఎందుకు లేదని అడిగితే, షురా పెద్ద కాసేపు ఆలోచించి అన్న మాట ఇది: "మీరిస్తున్నారు కదా, ఊరు ఎందుకిస్తుంది?" నిజమే. మధ్యలో దూరి ఆ దారిని మూసేసింది మేమే.

కానీ బాకీల్లో ఉన్న ఊరిని మేర అడగడం కూడా అన్యాయమే. అందుకే ముందు కొట్టు. ఆలుగడ్డలు దాచే కొట్టు, 2012 వేసవిలో కట్టాం. దీని గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ఎవరికైనా పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది ఇదే.

కొండ ఉత్తరం వైపు, ఎండ తగలని చోట, సగం నేలలోకి తవ్విన గది. రెండడుగుల మందం మట్టి గోడలు, పైన తెల్లపోప్లార్ దూలాలు, దాని మీద గడ్డి కలిపిన మట్టి. కింద నేలకు దగ్గరగా గాలి లోపలికి వచ్చే రంధ్రాలు, వాటికి చెక్క మూతలు, పైన పొగగొట్టం లాంటి గాలిగొట్టం. రెండు తలుపులు, ఒకటి మూసి ఇంకొకటి తీయాలి. కరెంటు అక్కర్లేదు. అక్టోబర్‌లో రాత్రిళ్లు మూతలు తీస్తే చల్లగాలి కింద నుంచి వచ్చి వేడిగాలి పైనుంచి పోతుంది, తెల్లవారుజామున మూసేస్తారు. ఇలా రెండు మూడు వారాల్లో లోపల 4 డిగ్రీల దగ్గరికి వస్తుంది. డిసెంబర్ నుంచి పని తిరగబడుతుంది, బయట చలి లోపలికి రాకుండా మూతలకు గడ్డి బస్తాలు కుక్కాలి. ఆలుగడ్డ గడ్డకట్టిందా, కరిగాక కుళ్లడమే. మేం ఒక థర్మామీటర్ వేలాడదీశాం. కొట్టు చూసుకోవడానికి షురా పెట్టిన ముసలాయన దాన్ని ఎప్పుడూ చూడలేదు, నేల మీద గిన్నెలో నీళ్లు పోసి పెట్టేవాడు. పొద్దున దాని మీద సన్నటి పొర కడితే ఇంకో వరస గడ్డి బస్తాలు. రెండు చలికాలాల్లో థర్మామీటర్ ఒకసారి పగిలింది, గిన్నె మాత్రం తప్పలేదు.

దూలాలు, తలుపులు, ఒక మేస్త్రీ మా ఖర్చు. తవ్వకం, మట్టి పని అంతా హషర్, అంటే శ్రమదానం. బడి కట్టడానికి అయినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. పట్టేది 20 టన్నులు. మొదటి ఏడాదే దెబ్బ తగిలింది. వాన పడ్డ మర్నాడు తవ్విన తడి ఆలుగడ్డలు ఆరబెట్టకుండా రెండిళ్లవాళ్లు తెచ్చి పోశారు, జనవరికి ఆ మూల మొత్తం నీళ్లు కారింది. ముసలాయన వాసన పట్టి చుట్టుపక్కలవి జరిపేయించాడు కాబట్టి మిగతావి దక్కాయి.

అంతకంటే పెద్ద తగువు, ఎవరి ఆలుగడ్డలు పెట్టాలన్నది. పొలమెక్కువ ఉన్న మూడు నాలుగు కుటుంబాలు కొట్టు నింపేస్తామని సిద్ధమయ్యాయి. జరీబు అంటే మన అరెకరం, అలాంటివి పది పన్నెండు జరీబులున్నవాళ్లు వాళ్లు. పొలమే లేని ఇళ్లు ఏడు. ఈ తగువు పదిహేను రోజులు నడిచింది, నాకు ఒకటే టెన్షన్, కట్టిన కొట్టు వల్ల ఊరు చీలిపోతుందేమోనని. మధ్యలో దూరకుండా ఉండమని మా సూపర్‌వైజర్ నాకు గట్టిగా చెప్పింది. ఆఖరికి వాళ్లు తేల్చుకున్నది కాలువ నీళ్ల పద్ధతి. ఇంటికి 70 సేర్ల చోటు, 41 ఇళ్లకూ సమానంగా, పొలం ఉన్నా లేకున్నా. వాడుకోనివాళ్లు తమ చోటును ఇంకొకరికి అద్దెకిచ్చుకోవచ్చు, నీళ్ల వంతు ఇచ్చుకున్నట్టే. కుట్టు మిషన్ తీసుకున్న ఒక వితంతువు ఆ చోటును బావగారికిచ్చి చలికాలానికి రెండు బస్తాల పిండి తీసుకుంది. మిషన్ మీద మూడేళ్లలో ఆమె సంపాదన అంత లేదు. మా ప్రాజెక్టు కాగితాల్లో ఎక్కడా లేని స్వావలంబన అది.

మేర లెక్క: దాచిన ప్రతి 20 సేర్లకు ఒక సేరు బడికి. కొట్టు నిండితే టన్ను. ఏప్రిల్‌లో ఆ టన్ను అమ్మితే టీచరమ్మకు మూడు చలికాలం నెలల జీతం, 15,000 అఫ్గానీలు వచ్చి, చాపలకు, సుద్దకు కొంచెం మిగిలింది. ఆ మూడు నెలల జీతాన్ని ముందే ఆలుగడ్డల రూపంలో కావాలంటే కొట్టులోంచి తీసుకోవచ్చు, ఆమె మొదటి ఏడాది సగం అలాగే తీసుకుంది. దుకాణదారుకు మాత్రం ఈ డబ్బు కనపడదు. కొట్టు ఉన్నందుకు ఊళ్లో సలామ్ ఆగిపోలేదు, కానీ తగ్గింది. అక్టోబర్‌లో అమ్మి తీరాల్సిన అవసరం లేదని తెలిశాక దుకాణదారు కూడా ధర కొంచెం పెంచాడు.

ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టొద్దు, మూడు నెలలే అది. మిగతా 9 నెలల జీతం మాదే. ఒక్కో ఏడాది ఏప్రిల్ ధర దెబ్బతినేది, పాకిస్తాన్ పంజాబ్ నుంచి కొత్త పంట తోర్ఖం సరిహద్దు దాటి వచ్చేస్తే కాబూల్ మార్కెట్లో ఎవరి ఆలుగడ్డనూ అడిగేవాళ్లుండరు. టీచరు జీతం ప్రభుత్వం ఇవ్వాల్సిందే, పేద ఊరి మీద వేసి దానికి స్వావలంబన అని పేరు పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మేర చేసిన పని వేరు. అందరికంటే గడ్డు నెలల్లో టీచరమ్మ ఊళ్లోనే ఉండగలిగింది, పైగా జీతం మేమిస్తున్నాం కదా అని ఊరుకున్నవాళ్లు, పిల్లలకు చదవడం వస్తోందా లేదా అని అడగడం మొదలుపెట్టారు. 2013లో ఒక తండ్రి, తనకు చదవడం రాదు, కూతురు పుస్తకం పట్టుకొచ్చి ఇది తలకిందులుగా పెట్టి అడిగితే కూడా చదవాలి కదా అని టీచరమ్మతో వాదించాడు. పిల్ల పాఠం బట్టీ పట్టిందని ఆయన అనుమానం. అనుమానం నిజమే. టీచరమ్మ ఆ తర్వాత నెలంతా పాత పిండి సంచుల మీద అచ్చయిన అక్షరాలు, మందు డబ్బాల మీది పేర్లు చదివించింది.

భారతదేశం నుంచి ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా బడిపిల్లలకు బలవర్ధకమైన బిస్కెట్లు వచ్చేవి, 100 గ్రాముల ప్యాకెట్లు. మా ఊరికి అవి ఒకటీ అరా ఏడాదే చేరాయి. ప్యాకెట్ మీద పేరు చూసి నాకు ఇల్లు గుర్తొచ్చేది. పిల్లలు సగం తిని సగం జేబులో పెట్టుకునేవాళ్లు, ఇంట్లో చిన్నవాళ్లకు. దాని మీద రిపోర్టులేవీ రాయలేదు గానీ ఆ ఏడాది హాజరు పట్టీ తీసి చూస్తే బిస్కెట్లు వచ్చిన వారాలేవో చెప్పేయొచ్చు.

నేను 2014లో వచ్చేశా. ఆ తర్వాత క్లాసు పెద్ద బడి రిజిస్టర్‌లో గట్టిగా ఎక్కింది, మొదటి బ్యాచ్ పిల్లలు నాలుగో తరగతికి అక్కడికి వెళ్లారు. వాగు మీద ఊరివాళ్లు రెండు దుంగల వంతెన వేసుకున్నారు.

2021 ఆగస్టు 15. కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికి పోయాక బ్యాంకుల్లో డబ్బు ఆగిపోయింది, దేశం బయటున్న నిల్వలు స్తంభించాయి, మా సంస్థ ఖాతాలోంచి కూడా వారానికి ఇంతే అని పరిమితి. ఆ ఏడాది కరువు కూడా, ఆలుగడ్డలు సగమే. 2022 మొదట్లో యునిసెఫ్ ప్రభుత్వ టీచర్లకు రెండు నెలల పాటు 100 డాలర్ల చొప్పున ఇచ్చింది, ఆ జాబితాలో మా టీచరమ్మ లేదు, ఆమె ప్రభుత్వ టీచరు కాదు కదా. మా సంస్థ నుంచి ఆమెకు జీతం అందని ఆరు నెలలూ క్లాసు ఆగలేదు. మేర ఆ ఏడాది కొట్టులో సగం పంటకే వచ్చింది, ఉన్నదాన్నే ఆమెకు ఇచ్చారు.

ఆరో తరగతి దాకా ఆడపిల్లల చదువు ఇప్పటికీ నడవనిస్తున్నారు. ఆ పైన లేదు. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామని చెప్పి, పిల్లలు గేటు దాకా వచ్చాక వెనక్కి పంపారు. అదే ఏడాది డిసెంబర్‌లో నాలుగు రోజుల తేడాతో యూనివర్సిటీలు మూశారు, స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచేయకూడదన్నారు. మా సూపర్‌వైజర్ ఇంట్లో కూర్చుంది. జీతం ఇంటికి చేరడం లేదని కనిపెట్టింది ఆమె, ముల్లా కోపం తెచ్చుకునేలోపు సంఘం నియమాలు మార్పించింది ఆమె. ఆమె లేకుండా ఆ ఊళ్లో ఆడవాళ్లు ఉన్న ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మా సంస్థకు ఇప్పుడు మగవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. రిపోర్టులు మాత్రం వస్తూనే ఉన్నాయట, ఎప్పట్లాగే అన్నీ సరిగ్గా ఉన్నాయని.

టీచరమ్మ ఇప్పుడు ఒకటి నుంచి మూడు దాకా చెప్తోంది. మొదటి బ్యాచ్ ఆడపిల్లల సంగతి అడిగితే, ఇద్దరు ఇరాన్‌లో ఉన్నారంది, కొందరికి పెళ్లయిందంది, మిగతావాళ్ల గురించి ఫోన్లో వద్దంది. నేను మళ్లీ అడగలేదు.

పోయిన చలికాలం ముందు షురా పెద్ద కొడుకు మేర రిజిస్టర్ ఫోటో పంపాడు. గీతలు గీసిన స్కూలు నోట్‌బుక్కే. ఎడమ పక్క ఇంటి యజమానుల పేర్లు, కుడి పక్క సేర్లు: మూడు, మూడున్నర, రెండు, మూడున్నర. పొలం లేని ఒక ఇంటి పేరుకు ఎదురుగా సేర్ల గడి కొట్టేసి, పక్కన చిన్నగా రాసి ఉంది, వాళ్ల దరీ భాష నేను కూడబలుక్కుని చదివా: బడి పొయ్యికి పిడకలు, ఆరు బస్తాలు, ముట్టాయి.